లోపలి నుంచి తెరిచే తలుపు

స్టీవెనేజ్,
అక్టోబరు, దసరా వెళ్ళిన వారం

సూరిబాబూ,

ఇవాళ కూడా అదే వరస. ఎడమ తలుపు హ్యాండిల్ పట్టుకుని పైకి లాగితే సగం దాకా లేచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ కూర్చుంది. రెండో చెయ్యి కూడా వేసి, కాలు టైరుకి తన్నిపెట్టి లాగితే అప్పుడు తెరుచుకుంది. ఎదురింటి ఇంగ్లీషాయన కిటికీలోంచి చూసి చెయ్యి ఊపాడు. నేను కసరత్తు చేస్తున్నాననుకున్నట్టున్నాడు. నీ దగ్గరున్నన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న కారు, నాకిచ్చిన ఏడాదికే ఇలా తయారైందంటే తప్పు కారుదా నాదా అని మీ అక్క అడక్కముందే నీకు రాస్తున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావు. మా ఇంట్లో ఫోనంటే ఊరుమ్మడి సొత్తు. నువ్వు హలో అనగానే మీ అక్క దాన్ని స్పీకర్లో పెట్టి బెండకాయలు తరుగుతూ వింటుంది. వాట్సాప్ చేద్దామంటే, నాకొచ్చిన మెసేజీలు నాకంటే ముందు ఆవిడే చదివి, ముఖ్యమైనవి నాకు చెబుతుంది. నా చేతిరాత ఒక్కటే ఆవిడకి అంతుబట్టనిది. మా ఊరి బళ్ళో మాస్టారికీ అంతుబట్టేది కాదు. అందుకే పాస్ చేసేశారు.

సంగతేమిటంటే, ఫిబ్రవరిలో మీ అక్క బేబీకి డ్రైవింగ్ టెస్ట్. మూడోసారి. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూసుకునే కేరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. రోజుకి నాలుగైదు ఇళ్ళు తిరగాలి గనక లైసెన్స్ ఉంటేనే. ఫిబ్రవరి ఆఖరుదాకా ఆ చోటు ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెడతానని మేనేజరమ్మ మాటిచ్చింది. స్కూలు వంటింట్లో పిల్లల పళ్ళేల్లో ఉడికిన బంగాళాదుంపలు గరిటెతో కొట్టి కొట్టి మీ అక్క విసిగిపోయింది. 'నేను చేస్తే ఎవరికైనా తిన్నట్టుండాలి, బాగున్నట్టుండాలి' అంటుంది. ఈసారి తప్పితే మళ్ళీ డేట్ దొరికేసరికి ఎండాకాలం వస్తుంది. ఉద్యోగం పోతుంది.

ఇన్‌స్ట్రక్టర్ కారులో టెస్ట్‌కి వెళ్ళొచ్చుగా అంటావు. ఆయన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. దానికి గేర్లు లేవు. గేర్లు లేనిదాంట్లో పాసైతే గేర్లున్న మన కారు నడపడానికి ఆ లైసెన్స్ చెల్లదట. అందుకని మన కారులోనే. ఎగ్జామినర్ కూర్చునేది ఎడమ సీట్లో. మనదేమో మూడు తలుపుల కారు, అందులో మూడోది డిక్కీ. ఆయన్ని డిక్కీలోంచి దూరమనలేం కదా. తలుపు రాకపోతే బండి పనికిరాదని వెనక్కి పంపేసినా పంపేస్తారు.

ఇదంతా మీ అక్కకి చెప్పకు. కిందటిసారి టెస్ట్ ముందురోజు వైపర్ ఊడి ఆవిడ చేతికొచ్చింది. 'అయిపోయిందండీ, ఇంక నేను పాసవను' అంది. అన్నమాట నిలబెట్టుకుంది. వైపర్‌కే అంతైతే తలుపుకెంతవుతుందో ఆలోచించు.

నేను స్టోర్స్‌లో నట్లూ బోల్టులూ అందించే కంపెనీలో అంతరిక్షంలోకి పంపే సామాను తయారవుతుంది. అక్కడ ఎవర్నైనా అడుగుదామంటే సిగ్గేసింది. నువ్వు బస్సు నడిపేవాడివి, తలుపుల సంగతి నీకు తెలిసుండాలి.

మీ బావ,
సదాశివం


బర్మింగ్‌హామ్,
అక్టోబరు

బావగారికి,

మీ ఉత్తరం చదవడానికి రెండు కప్పుల టీ, కిరణ్మయి సాయం పట్టింది. మా ఆవిడే గదండీ, అక్కకి చెప్పదు. ఒట్టు వేయించుకున్నాను.

నా బస్సు తలుపుకి హ్యాండిలే లేదు. బటన్ నొక్కితే బుస్సుమని తెరుచుకుంటుంది. నొక్కకపోతే బయటున్నవాళ్ళు బుస్సుమంటారు. నాకు తెలిసిన తలుపు విద్య అంతే. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. మీది పెద్ద జబ్బేం కాదు. పాత కార్ల హ్యాండిళ్ళు లోపల కీలు దగ్గర ఎండిపోయి బిగుసుకుంటాయి. హ్యాండిల్ పైకెత్తి పట్టుకుని, ఆ సందులోకి నాలుగు చుక్కలు నూనె వదలండి. పదిసార్లు ఎత్తి దించండి. సరిపోద్ది.

అక్క ఈసారి పాసవుతుంది లెండి. నిన్న ఫోన్‌లో రౌండెబౌట్ ఎలా తిరగాలో నాకే పాఠం చెప్పింది. నేను రోజూ తిరిగేది అదే అని గుర్తుచేసినా వినలేదు.

మీ బావమరిది,
సూరిబాబు


స్టీవెనేజ్,
అక్టోబరు ఆఖరు

సూరిబాబూ,

నీ నోట్లో చక్కెర పొయ్య. వెన్నలా కదిలింది. షాపుకి వెళ్ళి స్ప్రే డబ్బాల ముందు కాసేపు నిలబడ్డాను. ఒకటి తుప్పుకి, ఒకటి గొలుసుకి, ఒకటి తాళానికి. మనిషికి చెవికో డాక్టరు, ముక్కుకో డాక్టరు ఉన్నట్టు. ఇంట్లో నూనె పెట్టుకుని ఇవన్నీ ఎందుకని వచ్చేశాను. మా ఊళ్ళో సైకిలు చైనుకీ, నూతి గిలకకీ, మా తాత మోకాళ్ళకీ ఒకటే నూనె. మూడూ చివరిదాకా చప్పుడు చెయ్యలేదు.

నాలుగు చుక్కలన్నావు. పోస్తూ పోస్తూ నాలుగు చెంచాలయింది. ఇప్పుడు చిటికెనవేలితో తెరుచుకుంటోంది. మీ అక్కకి ఏమీ తెలియదు. గుట్టుగా జరిగిపోయింది.

సదాశివం


స్టీవెనేజ్,
నవంబరు, బాగా చలి

సూరిబాబూ,

నీ నోట్లో పోసిన చక్కెర వెనక్కిచ్చెయ్యి.

చలి మొదలైన మర్నాడు చూద్దును కదా, హ్యాండిల్ అసలు కదల్లేదు. ఇదివరకు సగమైనా లేచేది. ఇప్పుడు గోడకి వేసిన బొమ్మలా ఉంది. నాకు పట్టుదల వచ్చి ఇంకో రెండు చెంచాలు పోశాను. ఇంకా బిగుసుకుంది. ఈ దేశంలో నూనె కూడా రూల్స్ ప్రకారమే పనిచేస్తుందేమో.

లోపలి నుంచైతే మాత్రం ఎంచక్కా తెరుచుకుంటోంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. బయటికెళ్ళేటప్పుడు నేను ముందెక్కి, అటువైపు ఒంగి, ఎడమ తలుపు లోపలి నుంచి తీస్తున్నాను. మొదటిరోజు మీ అక్క వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరి కోసమో తీశాననుకుని. రెండోరోజు 'ఏవిటండీ కొత్తగా' అంది. 'ఎక్కు, చలి' అన్నాను. ఎక్కింది. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా 'మెల్లగా పోనీండి' అనలేదు. నాకు భయమేసింది.

ప్రాక్టీసుకెళ్ళేటప్పుడు అసలు సర్కస్. అప్పుడు ఆవిడ డ్రైవరు, పక్కన నేను. ఆవిడ ఇంటికి తాళం వేసి వచ్చేలోగా నేను కుడి తలుపులోంచి దూరి, గేర్ రాడ్ దాటి, ఎడమ సీట్లో పడాలి. నా పొట్ట సంగతి నీకు తెలుసు. మొన్న స్టీరింగ్‌కీ సీటుకీ మధ్య ఇరుక్కుని హారన్ మోగించాను. 'అంత తొందరేమిటండీ' అంది. 'సీటు వెచ్చబెడుతున్నాను' అన్నాను. 'మీరు వెచ్చబెట్టింది మీ సీటే కదా' అంది. ఇలాంటప్పుడు ఆవిడ ఎగ్జామినర్ ఉద్యోగానికి పనికొస్తుంది గాని, టెస్ట్‌కి కాదనిపిస్తుంది.

ఇంకో ఘోరం విను. కార్తీక వనభోజనాలు ఇక్కడ కమ్యూనిటీ హాల్లో పెట్టారు. వనం కింద మూలనున్న ప్లాస్టిక్ మొక్కని లెక్కేశారు. అక్కడ మీ అక్క పులిహోర వడ్డిస్తూ ఆడవాళ్ళందరికీ చెప్పింది: 'మా ఆయన ఈమధ్య కారు తలుపు తీసి మరీ కూర్చోబెడుతున్నారు' అని. తర్వాత పార్కింగ్‌లో చూస్తే ఒక్కొక్క ఆడమనిషీ ఒక్కొక్క కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. హన్మంతు గారు భార్యకి తలుపు తీస్తూ నావైపు చూసిన చూపుకి నాకు తిన్న పులిహోర అరగలేదు. 'ఏవండీ సదాశివం గారూ, మీకు మేమేం ద్రోహం చేశాం?' అన్నాడు.

నిజం చెప్పేద్దామంటే వైపర్ గుర్తొస్తోంది. పైగా ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ తలుపు తీసింది మర్యాదకి కాదు, రిపేరుకని తేలిపోతుంది. తొందరగా ఏదో ఒకటి చెప్పు.

సదాశివం


బర్మింగ్‌హామ్,
డిసెంబరు మొదట్లో

బావగారికి,

తొందరపడకండి. తలుపులు తొందరపెడితే రావు, బస్సెక్కేవాళ్ళకి రోజూ చెబుతూనే ఉంటాను. గట్టిగా లాగారంటే హ్యాండిల్ విరిగి చేతికొస్తుంది. పాత మోడలు, దానికి జత దొరకదు. అప్పుడు వైపర్ కథ మళ్ళీ మొదటికి.

నా మాట వినండి. టెస్ట్ ఇంకా రెండు నెలలుంది. అందాకా మీ పద్ధతే బాగుంది. ముందెక్కడం, ఒంగడం, తీయడం. మీ నడుముకీ మంచిది. పోయేదేముంది? కాకపోతే గేర్ రాడ్ దగ్గర జాగ్రత్త. ప్యాంటుకి మళ్ళీ మళ్ళీ చిరుగు పడితే అక్క మాత్రం ఎన్నిసార్లు కుడుతుంది?

ఇక్కడ అందరం కులాసా. కిరణ్మయి తనకీ తలుపు తీయమంది. బటన్ ఎక్కడుందని అడిగాను. రెండురోజులుగా మాటల్లేవు.

సూరిబాబు


స్టీవెనేజ్,
జనవరి

సూరిబాబూ,

నా ప్యాంటు చిరిగిన సంగతి నేను నీకు రాయలేదు. పాత ఉత్తరం నకలు నా దగ్గర లేదు గాని, అలాంటి విషయం నేను కాగితం మీద పెట్టే మనిషిని కాను. నీకెవరు చెప్పారు? దీనికి జవాబు రాయి.

ఈలోగా నీ సలహా పక్కనపెట్టి గ్యారేజ్‌కి తీసుకెళ్ళాను. టెస్ట్ దగ్గరికొస్తోంది, నాకు రోజూ అదే కల. ఎగ్జామినర్ బయట వానలో నిలబడి హ్యాండిల్ లాగుతూ ఉంటాడు, లోపల మీ అక్క ఉద్యోగం మేనేజరమ్మ ఎవరికో ఇచ్చేస్తూ ఉంటుంది.

పొద్దున్నే బండి అప్పగించి, పని దిగాక వెళ్ళాను. ఆ గ్యారేజబ్బాయి నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళి ఒక్క వేలితో హ్యాండిల్ లేపాడు. తెరుచుకుంది. వేశాడు. మళ్ళీ లేపాడు. తెరుచుకుంది. 'ఏం చేశావు బాబూ' అంటే 'ఏమీ చెయ్యలేదు, ఇది బాగానే ఉంది' అన్నాడు. బయట గడ్డ కట్టే చలి. లోపల పెద్ద గొట్టంలోంచి వేడిగాలి వదులుకుని వాళ్ళు పొట్టిచేతుల చొక్కాలతో తిరుగుతున్నారు. నేను థాంక్యూ చెప్పి ఇంటికొచ్చి పడుకున్నాను. తెల్లారి చూస్తే గోడ మీద బొమ్మ.

మళ్ళీ తీసుకెళ్ళాను. సాయంత్రానికి మళ్ళీ ఒక్క వేలు. మూడోసారి వెళితే ఆ అబ్బాయి బండి ముట్టుకోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు.

నేను కనిపిస్తేనే అది మొరాయిస్తోందిరా. జనవరి అయిపోతోంది. మీ అక్క మాత్రం నిశ్చింతగా ఉంది. రోజూ ప్రాక్టీసు, రోజూ రౌండెబౌట్లు. ఈ ఊళ్ళో జనం కంటే అవే ఎక్కువ. నిన్న ఒకదాని చుట్టూ ఆపకుండా మూడుసార్లు తిప్పింది. దారి తప్పావా అంటే 'లేదండీ, ప్రదక్షిణం' అంది.

ఆవిడ హాయిగానే ఉంది, నాకే నిద్ర లేదు. జవాబు రాయి. ప్యాంటు సంగతి కూడా.

సదాశివం


బర్మింగ్‌హామ్,
జనవరి ఆఖరు

బావగారికి,

ప్యాంటు సంగతి తర్వాత. ముందు ఒక్క ప్రశ్న.

మీరు పోసింది ఏ నూనె?

నేను నూనె అంటే మిషన్ నూనె. మీరు 'ఇంట్లో నూనె' అన్నారు. నూతి గిలక, తాత మోకాళ్ళు అన్నారు. మనది కోనసీమ బావగారూ. మనింట్లో నూనె అంటే ఒకటే. అక్క తలకి రాసుకోవడానికి గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద పెట్టుకుని కరిగించే కొబ్బరి నూనె సీసాలోంచి పోశారు కదండీ? రేడియేటర్ మీద ఎందుకు పెడుతుంది? ఈ చలికి గడ్డ కడుతుంది కాబట్టి. సీసాలో గడ్డ కట్టేది హ్యాండిల్లో కట్టదా? గ్యారేజ్‌లో వేడిగాలికి కరిగింది, ఇంటిముందు చలికి పేరుకుంది. కారుకి మీ మీద కోపమేం లేదు.

టెస్ట్ రోజు పొద్దున్న అక్క జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తీసుకుని హ్యాండిల్ మీద బాగా పట్టండి. కరుగుతుంది. తర్వాత మంచి ఎండరోజు చూసి వేడినీళ్ళూ సబ్బూ పెట్టి మొత్తం కడిగెయ్యాలి. స్ప్రే డబ్బా పార్సిల్ చేస్తున్నాను. దాని మీద తాళాలకి అని రాసుంది. తాత మోకాళ్ళకి వాడకండి.

సూరిబాబు


స్టీవెనేజ్,
ఫిబ్రవరి, టెస్ట్ అయిన రోజు

సూరిబాబూ,

కోటైనా విప్పకుండా మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. ఎలాగూ నా రాత అలాగే ఉంటుంది గనక నీకు తేడా తెలియదు.

పొద్దున్న లేచి చూస్తే కారంతా ఉప్పు చల్లినట్టు మంచు. మీ అక్క తలస్నానం చేసి పూజలో కూర్చుంది. ఇదే అదనని ఆవిడ జుట్టు మిషన్ తీసుకుని, వంటింటి కిటికీలోంచి వైరు లాగి, హ్యాండిల్ ముందు గొంతుక్కూచున్నాను. ఎదురింటాయన మళ్ళీ చూశాడు. ఈసారి చెయ్యి ఊపలేదు. కర్టెన్ వేసేశాడు. కాసేపటికి తలుపు సందులోంచి కమ్మటి వాసన వచ్చింది. చుక్కలు చుక్కలుగా కారింది. హ్యాండిల్ లేచింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఎడమ తలుపులోంచి పెద్దమనిషిలా ఎక్కి కూర్చున్నాను. మీ అక్క వచ్చి, 'ఇవాళ సీటు వెచ్చబెట్టలేదే' అంది. నేను రోడ్డు చూడమన్నాను.

శుభ్రంగా నడుపుకుంటూ టెస్ట్ సెంటర్‌కి తెచ్చింది. దిగాం. ఆవిడ పేరు చెప్పడానికి లోపలికి వెళ్ళగానే హ్యాండిల్ పట్టుకుని చూశాను. కదల్లేదు. దారిలో గాలికి మళ్ళీ గడ్డకట్టింది. రెండు అరచేతులూ దాని మీద పెట్టుకుని నిలబడ్డాను. నోటితో ఆవిరి ఊదాను. పక్క కారులో పిల్ల వాళ్ళమ్మతో ఏదో చెప్పి నవ్వింది. ఇంతలో లోపలికి రమ్మన్నారు.

చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే నోరు తెరిచాను. మీ అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని, 'ఏవండీ, నుదుట బొట్టు సరిగా ఉందా' అని అడిగింది. ఆ మొహం చూసి, ఉంది అన్నాను. అంతే.

ఎగ్జామినర్ ఆరడుగుల మనిషి. చేతిలో పలకలాంటి ఐప్యాడ్. నవ్వడానికి డ్యూటీ రోటా ప్రకారం ఇవాళ సెలవున్నట్టుంది. నేను వెయిటింగ్ రూం కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్నాను. ఇద్దరూ కారు దగ్గరికెళ్ళారు. చూపు సరిగా ఉందో లేదో అని ఏదో నంబర్ ప్లేట్ చదివించాడు. చదివింది. కుడి తలుపు తీసి ఎక్కింది. ఆయన కారు చుట్టూ తిరిగి ఎడమవైపుకొచ్చాడు. చెయ్యి చాపాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

తలుపు తీసిన చప్పుడు విని కళ్ళు తెరిచాను సూరిబాబూ. ఆయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. మీ అక్క డ్రైవర్ సీట్లోంచి అటువైపుకి ఒంగి, లోపలి నుంచి తలుపు తీసి పట్టుకుంది. అచ్చం నేను ఎలా తీస్తానో అలా. ఎడమ చెయ్యి ఎక్కడ వెయ్యాలో, ఎంత ఒంగాలో, అన్నీ నావే. 'ప్లీజ్ సర్' అన్నట్టుంది, పెదవులు కదిలాయి. ఆయన పెళ్ళికొచ్చినవాడిలా లోపల కూర్చున్నాడు.

పాసైంది.

వచ్చాక ఆయన నాతో ఒకే మాట అన్నాడు. ఈ ఉద్యోగంలో తనకి తలుపు తీసిపెట్టినవాళ్ళలో ఈమే మొదటిదట. నవ్వాడు కూడా. మీ అక్క కారుకున్న ఎర్ర ఎల్ బోర్డులు పీకి నా చేతిలో పెట్టి, మేనేజరమ్మకి ఫోన్ చేసింది. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు. దారంతా ఆవిడే నడిపింది. ఇంటి ముందు ఆపాక తాళం చెవి తీసుకుంటూ, 'మార్చిలో కారుకి ఏడాది పరీక్ష, ఆ ఎమ్.ఓ.టి. వస్తుంది కదా. ఇంక ఆ తలుపు బాగుచేద్దామా?' అంది.

ఇంక అంటే? ఆవిడకెలా తెలుసు? నీకేమైనా తెలుసా?

సదాశివం


బర్మింగ్‌హామ్,
ఫిబ్రవరి

బావగారికి,

మీ ఉత్తరం కిరణ్మయి పైకి చదువుతుంటే మధ్యలో ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. నవ్వొచ్చి అని రాయమంది, అలాగే రాస్తున్నాను.

ఇంక దాచలేను. అక్క నాకు నవంబరులోనే ఫోన్ చేసింది. మీరు స్టోర్స్‌లో ఉన్న టైములో. ఏమందో ఆవిడ మాటల్లోనే రాస్తాను:

'ఒరేయ్ సూరిబాబూ, మీ బావ నాకు కారు తలుపు తీస్తున్నారు. ఎందుకు తీస్తున్నారో నాకు తెలుసు. నా నూనె సీసా సగం ఖాళీ. ఆ హ్యాండిల్ దగ్గర ముక్కు పెడితే నా జడ వాసన వస్తోంది. నేను భయపడతానని ఆయన చెప్పలేదు. ఆయన మానేస్తారని నేను అడగలేదు. నువ్వు మాత్రం బాగుచేసే ఉపాయం చెప్పకు. చెబితే నీతో మాట్లాడను.'

మరి టెస్టో అక్కా అన్నాను. 'దాని సంగతి నేను చూసుకుంటాలే. లోపలి నుంచి ఎలా తీయాలో ఆయన రోజూ నేర్పిస్తూనే ఉన్నారుగా' అంది. జనవరిలో మీ ఉత్తరం చదివాక నాకే మనసాగలేదు. ఆవిడ మాట కాదని నూనె సంగతి మీకు రాశాను. అందుకు నాకు వారం రోజులు శిక్ష పడింది.

ఇంకోటి కూడా అంది, రాయనా వద్దా అని ఆలోచించాను. 'పెళ్ళైన కొత్తలో రాజోలు బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి నాకు సీటు పట్టారు చూడు, అదొకటి. మళ్ళీ ఇదొకటి' అంది. మధ్యలో ఏమీ లేదా అక్కా అంటే, 'ఉన్నాయిరా, చాలా ఉన్నాయి. కానీ జనం చూస్తుండగా చేసినవి ఈ రెండే' అంది.

నేను ఇద్దరికీ ఒట్టు వేసినవాణ్ణి. మీ గుట్టు ఆవిడకి చెప్పలేదు, ఆవిడ గుట్టు మీకు చెప్పలేదు. ప్యాంటు దగ్గర ఒక్కసారి జారాను, క్షమించండి.

ఇప్పుడు మీకు తెలిసిందని ఆవిడకి తెలియనివ్వకండి. ఈ ఒక్కసారికి నా మాట నిలబెట్టండి.

సూరిబాబు


స్టీవెనేజ్,
మార్చి, ఎండగా ఉన్న ఆదివారం

సూరిబాబూ,

నాకేమీ తెలియదు. నువ్వు నాకేమీ రాయలేదు. ఆ ఉత్తరం అందనేలేదు. అలాగే ఉంటాను, నువ్వు కంగారుపడకు.

తువ్వాలు సంగతి ఆవిడకి గుర్తుందని నేననుకోలేదు. ఆరోజు నేను విసిరింది సీటు మీద పడలేదు. సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన తల మీద పడింది. ఆయన తీసి ఇచ్చి, 'కొత్తగా పెళ్ళైందా బాబూ' అని లేచి సీటిచ్చాడు. ఆ ఘనత నాది కాదు. అయినా ఇన్నేళ్ళ తర్వాత దిద్దడం ఎందుకులే.

కిందటి వారం తలుపు బాగుచేశాం. నాకు వద్దనే అనిపించింది. ఎమ్.ఓ.టి. వాడు బయటి హ్యాండిల్ లాగి చూస్తాడు, తప్పదు. మీ అక్క కెటిల్‌తో నీళ్ళు కాచి, గిన్నెలు తోమే సబ్బు కలిపి తెచ్చింది. నేను హ్యాండిల్ ఎత్తి పట్టుకున్నాను, ఆవిడ సందులోకి కొంచెం కొంచెంగా పోసింది. మొదట తెల్లగా పాలలాగా కారింది. తర్వాత పసుపుపచ్చగా, తర్వాత ఎర్రగా. దసరాలకి ఆవిడ హ్యాండిల్ మీద పెట్టిన గంధం, పసుపు, కుంకుమ, అన్నీ నా నూనెలో కలిసి గట్టిగా పాకంలాగా తయారయ్యాయన్నమాట. మొదట్లో అది సగంలో ఆగడానికి కారణం ఆవిడ, పూర్తిగా ఆగడానికి కారణం నేను. ఇద్దరం పాత పళ్ళ బ్రష్షులు పట్టుకుని తోముతుంటే ఆవిడ, 'ఎవరో బాగా నూనె పోసినట్టున్నారండీ' అంది. 'పాత కారు కదా, మీ తమ్ముడే పోసుంటాడు' అన్నాను. నువ్వు ఏమీ అనుకోకు.

తర్వాత జుట్టు మిషన్‌తో ఆరబెట్టి, నీ స్ప్రే కొట్టాం. ఇప్పుడు ఒక్క వేలు చాలు. చలికీ లేస్తోంది, వానకీ లేస్తోంది. ఎమ్.ఓ.టి. కూడా పాసైంది. గ్యారేజబ్బాయి నా భుజం తట్టాడు, ఏదో పెద్ద జబ్బులోంచి లేచినవాణ్ణి చూసినట్టు.

మీ అక్క ఉద్యోగం బాగుంది. డ్యూటీల రోటా ఫ్రిజ్ మీద అంటించింది. పొద్దున్నే కారు తీసుకుని పోతుంది. ఆవిడ చూసుకునే వాళ్ళలో ఒక ముసలావిడ రోజూ కిటికీ దగ్గర ఎదురుచూస్తుందట, మన కారు రౌండెబౌట్ తిరిగి రావడం కోసం. ఆ ముసలావిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు కూడా తలుపు లోపలి నుంచే తీస్తుందట.

కారు ఆవిడదైపోయింది కనక వారాంతాల్లో నేనే పక్క సీటు. నీకు చెబుదామనుకున్న అసలు సంగతి ఇది. హ్యాండిల్ బాగైపోయింది కదా, ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. పోయిన శనివారం కూరగాయలకి వెళ్ళేటప్పుడు నేను ఎడమవైపుకి నడిచి వెళ్ళాను. మంచి హ్యాండిల్, ఒక్క వేలు చాలు. చెయ్యి చాపాను. అప్పుడు మీ అక్క

ఇదిగో, కింద హారన్ కొడుతోంది. స్టాన్‌మోర్‌లో ఆండాళమ్మ ఆంటీ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాలి. కిటికీలోంచి చూస్తున్నాను. స్టార్ట్ చేసి, అటువైపుకి ఒంగి, తలుపు బార్లా తీసి పట్టుకుని కూర్చుంది. చలిగాలంతా లోపలికి పోతోంది. 'ఏవండీ, ఎంతసేపండీ, చెయ్యి నొప్పెడుతోంది' అంటోంది. ఎదురింటాయన కూడా చూస్తున్నాడు. చూడనీ. నే చెప్పొచ్చేదేమిటంటే సూరిబాబూ, బయట హ్యాండిల్ ఎంత బాగున్నా, లోపలి నుంచి ఒకరు

వస్తున్నానే, వస్తున్నా, చెప్పులు వేసుకోనీ